ఏ నెలా ఖాళీ లేని తోట: పోడూ మడీ కలిసిన చరిత్ర

మా హాస్టల్ పిల్లలను "మీ తాతలు ఏ సాగు చేసేవారు?" అని అడిగితే చాలామంది "పోడు" అంటారు. పోడంటే ఏమిటని మళ్లీ అడిగితే "అడవి నరికి, కాల్చి, పంట వేయడం" అంటారు. అది తప్పు కాదు, కానీ సగమే. నరకడం, కాల్చడం ఏడాదిలో కొన్ని రోజుల పని. మిగతా ఏడాదంతా ఆ కొండవాలులో ఏం జరిగేదో తెలియకపోతే మన సాగు చరిత్ర మనకు తెలియనట్టే. ఆ రెండో సగం గురించి మన యువతీయువకులకు నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

కొండ మీద పంటల క్రమం

తూర్పు కనుమల్లో తొలకరి పడగానే మన పెద్దలు ఒకే చెక్కలో సామ, కొర్ర, చోడి, జొన్న, కంది, చిక్కుడు, బొబ్బర్లు, గుమ్మడి కలిపి వేసేవారు. కొండరెడ్లు కర్రతో చిన్న గుంట పొడిచి అందులో గింజ వేసేవారు. మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1945లో వెలువడిన 'ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్' అనే పుస్తకంలో కొండరెడ్ల సాగును, జీవితాన్ని నమోదు చేశారు.

చూసేవారికి అది గందరగోళంగా కనిపిస్తుంది. దగ్గరకు వెళ్లి చూస్తే అందులో లెక్క ఉంది. జొన్న ఎత్తుగా నిలబడుతుంది, చిక్కుడు దాన్ని పట్టుకుని పాకుతుంది, గుమ్మడి తీగ నేలను కప్పుతుంది. చోడి వేరు పైపైనే ఉంటుంది, కంది వేరు లోతుకు దిగుతుంది. అందుకే ఒకదాని తిండి ఒకటి లాక్కోదు.

కోత కూడా ఒకేసారి రాదు. ముందు సామ, కొర్ర చేతికొస్తాయి. తర్వాత చోడి, ఆ వెనుక జొన్న. వానాకాలం చివర వేసిన వలిసెలు కార్తీకంలో కొండవాలును పసుపుపచ్చగా మారుస్తాయి. ఈరోజు అరకు వచ్చే పర్యాటకులు ఫొటోలు తీసుకునేది ఆ నూనెగింజ పూలనే. చలి ముదిరాక చిక్కుడు, కంది. చెక్క కొట్టేటప్పుడు ఇప్ప, చింత, పనస, మామిడి, జీలుగు చెట్లను వదిలేసేవారు కాబట్టి ఎండాకాలం ఇప్పపువ్వు, చింతపండు, పనసకాయ దొరికేవి. ఆషాఢ, శ్రావణాలు కష్టకాలం. అప్పుడు అడవి దుంపలు, వెదురు కొమ్ములు, ఆకుకూరలు, మామిడి టెంకల అంబలి ఆదుకునేవి. మన కొత్తల పండుగలు కూడా ఈ క్రమాన్ని అనుసరించి వచ్చినవే. పంట చేతికొచ్చాక ముందు దేవతకు పెట్టి, ఆ తర్వాతే తినేవారు.

అడవి చుట్టూ గీసిన గీత

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవులను రిజర్వు చేసి సరిహద్దులు గీశారు. ఆనాటి అధికారుల దృష్టిలో పోడు అంటే కలపను బూడిద చేసే పని. అయితే పోడు నిలబడింది నేలకు ఇచ్చే విశ్రాంతి మీద. రెండు మూడేళ్లు సాగుచేసిన చెక్కను కొన్నేళ్లు వదిలేస్తే అడవి మళ్లీ లేచేది. తిరిగే చోటు తగ్గిపోయాక అదే చెక్కకు త్వరగా తిరిగి రావలసి వచ్చింది. నేల అలిసింది, వాలు మీది మట్టి వానకు కొట్టుకుపోయింది. పోడు దెబ్బతినడానికి ఇది పెద్ద కారణమని మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు.

అడవి మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి కలిసి 1922-24 మన్యం పోరాటానికి దారితీశాయి. అల్లూరి సీతారామరాజు పక్కన గాం గంటం దొర, గాం మల్లు దొర నిలబడ్డారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది. నిజాం రాజ్యంలో, 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ప్రాణమిచ్చింది కూడా అడవిలో సాగు చేసుకునే హక్కు కోసమే. అటవీ హక్కుల చట్టం రావడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది.

వరుసల్లో వచ్చిన తోట

రెండో పద్ధతి మన కొండలకు బయటి నుంచి వచ్చింది. 1898లో తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో కాఫీ నాటారు. ఇది కొలత పెట్టి, వరుస తీసి, గుంట తవ్వి నాటే తోట. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. తర్వాతి దశాబ్దాల్లో అటవీ శాఖ, ఆపైన ఐటీడీఏ కాఫీని విస్తరించాయి. పోడు కొట్టే కుటుంబానికి స్థిరమైన తోట ఇవ్వడం అందులో ఒక ఉద్దేశం. కాఫీకి నీడ కావాలి కాబట్టి సిల్వర్ ఓక్ తెచ్చారు. అది ఆస్ట్రేలియా చెట్టు. దాని మీదికి మిరియం పాకించారు. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కాఫీ మన ఇళ్లకు డబ్బు తెచ్చింది. పిల్లల చదువులకు, ఇంటి రేకులకు, ఆసుపత్రి ఖర్చులకు ఆ డబ్బే ఆధారమైన కుటుంబాలు మాకు తెలుసు. ఈ తోటను తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. కానీ కాఫీ పండు కోత చలికాలంలో, మిరియం ఆ వెనుక. డబ్బు వచ్చేది ఆ కొద్ది నెలల్లోనే. సిల్వర్ ఓక్ నీడ ఇస్తుంది, కాయ ఇవ్వదు. తిండి పంట పూర్తిగా వదిలేసిన ఇంట్లో ఆషాఢం వచ్చేసరికి సంచీ పట్టుకుని సంతకు వెళ్లాల్సిందే.

రెండూ కలిపిన ఇళ్లు వేరుగా కనిపిస్తాయి. కాఫీకి నీడగా పాత పనసను, మామిడిని ఉంచుకున్నారు. పనస మీదా మిరియం పాకుతుంది. తోట అంచున పసుపు, అల్లం. ఇంటి వెనుక దడికి చిక్కుడు, దిబ్బ మీద గుమ్మడి. మెట్ట చెక్కలో చోడి, సామ, కంది. అక్కడ వేసవి జల్లులకు కాఫీ తెల్లగా పూస్తుంది, ఆ రోజుల్లోనే పనస కాయ దిగుతుంది. కార్తీకంలో వలిసెలు పూస్తాయి, పుష్యంలో కంది ఎండుతుంది. ఏ నెలలో వెళ్లినా ఏదో ఒకటి పూతలోనో, కాయలోనో, కోతలోనో ఉంటుంది.

మా హాస్టల్ పెరట్లో

ఇది మాకు పుస్తకాల్లో దొరకలేదు. కొన్నేళ్ల కిందట మా హాస్టల్ పెరట్లో కూరగాయల తోట వేశాము. ఉపాధ్యాయ శిక్షణలో నేర్చుకున్నట్టే తాడు కట్టి, మడులు చేసి, వరుసల్లో టమాటా, వంగ, క్యాబేజీ నాటాము. డిసెంబరు, జనవరిలో తినలేనంత కాసింది. ఫిబ్రవరి దాటాక ఎండిపోయిన మడులే మిగిలాయి.

ఆ వేసవిలో ఒక అమ్మాయిని సెలవులకు తీసుకువెళ్లడానికి వాళ్ల నాయనమ్మ వచ్చింది. పెరడు చూసి, "బళ్లో పిల్లల్లాగ మొక్కల్ని వరసన నిలబెట్టేసినారేటమ్మా?" అని నవ్వింది. మాకు కొంచెం చిన్నతనమనిపించినా, "అయితే ఎలా వెయ్యాలి మామ్మా?" అని అడిగాము. తొలకరికి ఆమె మళ్లీ వచ్చింది. ఆనపకాయ బుర్రలో బూడిద కలిపి దాచిన చిక్కుడు, కొండకంది గింజలు తెచ్చింది.

మడులను మేము తీసేయలేదు. నీళ్లు పెట్టడానికి, పిల్లలు మట్టి తొక్కకుండా నడవడానికి వరుస మంచిదే. మడి గట్ల మీద కంది వేశాము. మొక్కజొన్నకు చిక్కుడు పాకించాము. మధ్యలో ఆకుకూరలు, బంతి. పనస నీడలో పసుపు. అంచున మునగ, బొప్పాయి. భాద్రపదంలో ఖాళీ చెక్కలో వలిసెలు చల్లాము. పూసినప్పుడు తేనెటీగలు వచ్చాయి. ఆ ఏడాది నుంచి మా వంటగదికి పెరటి నుంచి ఏమీ రాని నెల లేదు.

ఆ నాయనమ్మ రెండేళ్ల తర్వాత కాలం చేసింది. తర్వాతి తొలకరికి ఆ ఇంట్లో వేద్దామంటే ఆ చిక్కుడు గింజ లేదు. బుర్ర సంగతి ఎవరూ పట్టించుకోలేదు, గింజ పుచ్చిపోయింది. మనవరాలు మా పెరటి నుంచి దోసెడు గింజలు కొంగులో కట్టుకుని ఇంటికి తీసుకువెళ్లింది. ఆ రోజు మాకు సంతోషం వేసింది, భయమూ వేసింది. మేము అడగకపోయి ఉంటే ఆ చిక్కుడు ఆమెతోనే పోయేది. ఇంకా ఎన్ని ఇళ్లలో అలా పోయాయో!

మా కోరిక

మన చరిత్ర అంటే పోరాటాలు, పేర్లు, తేదీలు మాత్రమే కాదు. పెద్దలు పోరాడింది ఈ గింజలు వేసుకునే నేల కోసమే. నేల పట్టా చేతికొచ్చి, గింజ చేయి జారిపోతే ఆ పోరాటానికి అర్థమేముంది?

అందుకే మిమ్మల్ని ఒక చిన్న పని అడుగుతున్నాము. ఈసారి సెలవులకు ఊరు వెళ్లినప్పుడు మీ నాయనమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో కూర్చోండి. ఇంట్లో ఉన్న ప్రతి గింజకూ మీ భాషలో పేరేమిటో, ఏ నెలలో వేస్తారో, ఏ నెలలో తింటారో, దేనితో కలిపి వేస్తారో నోటు పుస్తకంలో రాసుకోండి. పన్నెండు నెలలకు పన్నెండు గళ్లు గీయండి. ఏ గడి ఖాళీగా ఉందో చూసి, "ఈ నెలలో పూర్వం ఏం తినేవాళ్లు?" అని అడగండి. కాఫీ తోట ఉన్నవాళ్లు దాన్ని అలాగే చూసుకోండి, దాని అంచున ఆ గింజలకు చోటివ్వండి. తోట లేనివాళ్లకు పెరడు చాలు. గింజలు దొరకనివాళ్లు మా హాస్టల్‌కు రండి. దోసెడు మేమిస్తాము. పంట వచ్చాక దోసెడు తిరిగి ఇస్తే చాలు.