సర్వేయర్ లైసెన్స్ పరీక్ష: ఏ సబ్జెక్టుకు ఎన్ని ప్రశ్నలు? డిసైడ్ చేసేదెవరు?

పొలం గట్టు ఒక్క అడుగు జరిగినా అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కే రోజులివి. అందుకే భూమి కొలిచే వాళ్లకు లైసెన్స్ ఇచ్చే ముందు చాలా దేశాలు పరీక్ష పెడతాయి. మరి అందులో లెక్కలకు ఎన్ని ప్రశ్నలు, చట్టానికి ఎన్ని అనేది ఎవరు ఫిక్స్ చేస్తారు? తెలుసుకుందాం..

అమెరికాలో ఎలా?

అక్కడ రాష్ట్రాల లైసెన్సింగ్ బోర్డుల ఉమ్మడి సంస్థ ఎన్‌సీఈఈఎస్ రెండు పరీక్షలు పెడుతుంది. మొదటిది ఎఫ్ఎస్, 110 ప్రశ్నలు. అనుభవం వచ్చాక రాసేది పీఎస్, 100 ప్రశ్నలు.

సిలబస్ మార్చాలంటే ముందు ఫీల్డ్‌లో పనిచేస్తున్న సర్వేయర్ల అభిప్రాయం తీసుకుంటారు. 'ఈ పని ఎంత తరచుగా చేస్తారు? కొత్తగా లైసెన్స్ వచ్చినవాళ్లకు ఇది తెలియడం ఎంత ముఖ్యం?' అని అడుగుతారు. ఆ జవాబులను బట్టి నిపుణులు ఒక్కో టాపిక్‌కు ఇన్ని నుంచి ఇన్ని ప్రశ్నలు అని లెక్క కడతారు. ఆ లిస్ట్ ముందే అభ్యర్థులకు అందుబాటులో ఉంటుంది.

ఫిలిప్పీన్స్‌లో ఎలా?

ఇక్కడ లైసెన్స్ పేరే 'జియోడెటిక్ ఇంజినీర్'. దీనికి 1998లో ప్రత్యేక చట్టం చేశారు. 2000లో వచ్చిన మరో చట్టం ప్రకారం సిలబస్ తయారు చేసే బాధ్యత ఆ వృత్తి బోర్డుదే. అయితే విద్యాసంస్థలను సంప్రదించాలి. ప్రశ్నలు సిలబస్ దాటి ఇవ్వకూడదు.

జియోడెసీ ఎందుకు చదవాలి?

భూమి ఆకారం, గురుత్వాకర్షణ లెక్కలు చూసే శాస్త్రమే జియోడెసీ. 'పొలం కొలవడానికి ఇదంతా ఎందుకు?' అని చాలామంది అడుగుతుంటారు. హైదరాబాద్‌నే తీసుకోండి. జీపీఎస్ నేరుగా ఇచ్చే ఎత్తుకు, సముద్ర మట్టం నుంచి కొలిచే ఎత్తుకు ఇక్కడ తేడా 70 మీటర్లకు పైనే! పైగా ఈ తేడా చోటు చోటుకీ మారుతుంది. అది పట్టించుకోకుండా కాలువకు లెవెల్స్ వేస్తే నీళ్లు అనుకున్నట్టు పారవు.

లోకల్ చట్టం సంగతేంటి?

లెక్కలు ఎక్కడైనా ఒకటే. కానీ హద్దుల చట్టం ఊరు మారితే మారిపోతుంది. అందుకే అమెరికాలో చాలా రాష్ట్రాలు తమ చట్టాలపై విడిగా ఇంకో పరీక్ష పెడతాయి. మన దగ్గరా అంతే. ఎకరానికి ఆంధ్రాలో 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. అక్కడ ఎఫ్ఎంబీ చూస్తారు, ఇక్కడ టిప్పన్ వెతుకుతారు. రెండింటికీ ఒకే పేపర్ పెడితే ఎవరో ఒకరికి అన్యాయం జరిగినట్టే.

మనకెందుకు ముఖ్యం?

ఏపీలో 2020 డిసెంబర్‌లో డ్రోన్లు, రోవర్లతో రీసర్వే మొదలైంది. తెలంగాణలో 2025లో భూభారతి చట్టం వచ్చాక లైసెన్స్‌డ్ సర్వేయర్లకు శిక్షణ ఇచ్చారు. చైన్ పట్టిన చోట ఇప్పుడు రోవర్ వచ్చింది. పరీక్ష మాత్రం చైన్ దగ్గరే ఆగితే, లైసెన్స్ ఉన్నా పని రాదు. ఆ తప్పు ఖరీదు కట్టేది రైతే.

ప్రిపేర్ అయ్యేవాళ్లు ఇవి గుర్తుపెట్టుకోండి

• ముందు అధికారిక సిలబస్ తీసుకుని, ఏ టాపిక్‌కు ఎన్ని ప్రశ్నలో రాసుకోండి. కోచింగ్ మెటీరియల్ తర్వాతే.

• ఎక్కువ ప్రశ్నలున్న టాపిక్స్‌కు ఎక్కువ రోజులు ఇవ్వండి. నచ్చిన సబ్జెక్టు అని లెక్కల దగ్గరే ఆగిపోవద్దు.

• భూ చట్టాలను, రికార్డుల పేర్లను చివరి వారానికి వదిలేయకండి. ఫీల్డ్‌లో మొదటి రోజు నుంచే అవసరమయ్యేవి అవే.