దయ్యాల రాత్రి పిల్లల పండుగ యైన కథ



అమెరికా నేడు మన గ్రామములకు దూరదేశము గాదు. కొడుకో, కూతురో, మనుమడో అచ్చట నున్న గృహములు మన పల్లెలలో అనేకములు. అక్టోబరు మాసాంతమున వారు పంపు ఛాయాచిత్రములను చూచి పెద్దలు కొందరు నన్నొక ప్రశ్న అడుగుచుందురు. "పసిబిడ్డ ముఖమున మసి పూసి, ఎముకల బొమ్మగల అంగీ తొడిగి, దయ్యమువలె చీకటిలో ఇంటింటికిఁ ద్రిప్పుచున్నారు. ఇది యేమి యాచారము? బిడ్డలకు మేలా, కీడా?" అని వారి ప్రశ్న. ఆ పండుగకు హాలోవీన్ అని పేరు. దాని చరిత్రమును సంగ్రహముగాఁ జెప్పి, తుదకు ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమును మనవి చేసెదను.

ఈ పండుగ అక్టోబరు 31వ తేదీ రాత్రి జరుగును. దీని పుట్టినిల్లు అమెరికా గాదు. ఐర్లండు, స్కాట్లండు దేశములు. అచ్చటి ప్రాచీనులైన కెల్టు జాతివారికి నవంబరు ప్రవేశముతో శీతకాలము ఆరంభమయ్యెడిది. వేసవియంతయుఁ గొండలమీద మేసిన పశువులను ఆ దినములలో ఇండ్లకుఁ దోలుకొని వచ్చెడివారు. పంట యిల్లు చేరినది. ముందున్నది చీకటి కాలము. ఆ సంధికాలపు పండుగకు సౌవిన్ అని పేరు. ఆ రాత్రి పరలోకపు వాకిండ్లు తెరచుకొనునని ఐర్లండు ప్రాచీనగాథలు చెప్పుచున్నవి. సంధ్యవేళ, అమావాస్యనాడు, సంక్రమణకాలమున జాగరూకులమై యుండు మనకు ఆ భావము వింతగాఁ దోపదు.

పిమ్మట ఆ దేశములలోఁ గ్రైస్తవమతము వ్యాపించెను. 8వ శతాబ్దిలో మూడవ గ్రెగొరీ పోపు రోమునగరమున సర్వపరిశుద్ధుల పేరిట నొక ప్రార్థనామందిరమును ప్రతిష్ఠించెను. నాలుగవ గ్రెగొరీ పోపు కాలమున, 835లో, నవంబరు 1వ తేదీ సర్వపరిశుద్ధుల పండుగగా ఫ్రాంకుల సామ్రాజ్యమున స్థిరపడెను. ఆ మరునాడు, అనగా 2వ తేదీ, గతించిన సమస్త జనుల ఆత్మలకై ప్రార్థన చేయు దినమయ్యెను. పూర్వాంగ్లభాషలో 'హాలో' యనఁగా పరిశుద్ధుఁడు. 'ఈన్' అనఁగా పండుగకు ముందటి సాయంకాలము. కావున ఈ పేరులో దయ్యము లేదు. పుణ్యపురుషుల పండుగకు ముందురేయి యని మాత్రమే దాని యర్థము. మనము మహాలయ అమావాస్యనాడు పితరులను స్మరించినట్లే వారును ఈ దినములలోఁ దమ పెద్దలను స్మరించెడివారు.

ఆ స్మరణమునుండియే ఇంటింటికిఁ దిరుగు నాచారము బలపడెను. ఇంగ్లండులోఁ బేదలును, పిల్లలును గడపగడపకుఁ బోయి, ఆ యింటఁ గతించినవారికై ప్రార్థింతుమని చెప్పి, చిన్న రొట్టెలను స్వీకరించెడివారు. వానికి ఆత్మరొట్టెలని పేరు. స్కాట్లండు, ఐర్లండులలోఁ బిల్లలు వేషములు ధరించి, పాటయో పద్యమో వినిపించి, పండ్లను, కాసులను గ్రహించెడివారు. ఇది చదివినపుడు నాకు మన దసరా పప్పుబెల్లములు జ్ఞప్తికి వచ్చెను. పంతులుగారు ముందు నడువ, బాలురు విల్లంబులు చేతఁ బట్టి, పూలును బుక్కాయును చిమ్ముచు, పద్యములు చదువుచు గృహస్థుల వాకిళ్లకుఁ బోవుట మీలోఁ బెక్కండ్రు ఎఱుఁగుదురు. అయ్యవారికి కట్నము, పిల్లలకుఁ బప్పుబెల్లము. దానిని భిక్షాటన మని యెవరును తలంపలేదు. ఊరిలోని బిడ్డలందఱును ఊరివారందఱికిని బిడ్డలే యని చాటు దినమది.

1845 మొదలు 1852 వఱకు ఐర్లండులో బంగాళాదుంప పైరు తెగులుచే నశించి ఘోరమైన కఱవు సంభవించెను. సుమారు పది లక్షలమంది మరణించిరి. అంతకుఁ దక్కువగాని జనము దేశము విడిచి పోయిరి. వారిలో అనేకులు అమెరికా చేరిరి. కట్టుబట్టలతో ఓడ యెక్కినవారు సయితము తమ పండుగను విడిచిపెట్టలేదు. స్వదేశమున వారు టర్నిప్పు అను దుంపను దొలిచి, కన్నులు, నోరు చెక్కి, లోపల దీపము నుంచెడివారు. అమెరికాలో వారికి గుమ్మడికాయ దొరికెను. అది ఆ ఖండమునఁ బుట్టిన కాయ. పెద్దది, తొలుచుటకు మెత్తనిది. నాఁటినుండి గుమ్మడికాయ దీపమే ఆ పండుగకు గుర్తు. దృష్టిదోషము తగులకుండ గుమ్మమునకు బూడిదగుమ్మడికాయను వ్రేలాడఁగట్టు మనము దానిని చూచి నవ్వఁజాలము.

ఇంతవఱకు చెప్పినది పుట్టుపూర్వోత్తరము. అసలు సంగతి ఇఁక మీఁదటిది. 20వ శతాబ్ది ఆరంభమునాఁటికి అమెరికాలో ఈ రాత్రి ఆకతాయిల రాజ్యమయ్యెను. దడుల తలుపులు ఊడఁదీయుట, కిటికీల అద్దములకు సబ్బు పూయుట, మఱుఁగుదొడ్లు పడఁద్రోయుట, ఒకరి బండిని వేఱొకరి యింటికప్పుపై కెక్కించుట — ఇవి వారి వినోదములు. భోగిమంటకై దడికంపలును, విఱిగిన మంచములును మాయమగుట నెఱిఁగిన మనకు ఆ యల్లరి కొంత యూహకు అందును. కాని నగరములు పెరిగినకొలఁది అల్లరి ముదిరి ఆస్తినష్టమునకును, దెబ్బలకును దారితీసెను.

పెద్దలు ఏమి చేయవలెను? పండుగను నిషేధింపవలెనని కొందఱనిరి. మిన్నెసోటా రాష్ట్రమున అనోకా అను చిన్న పట్టణమున్నది. అచ్చట హాలోవీన్ మఱునాఁడు ఉదయమున లేచిచూడఁగా పశువులు కట్లు విడిపింపఁబడి బజారులో విహరించుచుండెడివట. ఆ యూరి పెద్దలు 1920లో వేఱొక యుపాయము పన్నిరి. బాలురను శిక్షించుటకు మాఱు వారిచేతనే వేషములతో ఊరేగింపు చేయించి, మంట వేసి, మిఠాయిలు పంచిరి. అల్లరి చేయు తీరిక బాలురకు లేకపోయెను. ఆ యూరేగింపు నేఁటికిని జరుగుచున్నది.

ఇతర పట్టణములును ఇట్టి మార్గములే త్రొక్కినవి. ముఖ్యముగా గృహిణులు వాకిలి తెఱచి, వేషధారులైన బాలురకు మిఠాయి ఇచ్చి పంపుట ఆచారమయ్యెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942 మొదలు 1947 వఱకు, అచ్చట పంచదారకు రేషను విధింపఁబడుటచే ఈ యాచారము కొంత మందగించెను. రేషను తొలఁగినంతనే దేశమంతట అల్లుకొనెను. 1950లో ఫిలడెల్ఫియాలోఁ గొందఱు బాలురు పాలడబ్బాలకు రంగులువేసి, మిఠాయికి మాఱుగా పరదేశములలోని దీనశిశువులకై కాసు లడిగిరి. మొదటిసారి పోగైన 17 డాలర్లను ఐక్యరాజ్యసమితివారి బాలల నిధికిఁ బంపిరి. ఆ చిన్న యత్నము పిదప దేశవ్యాప్తమయ్యెను.

ఇఁక భయములమాట. పరాయివారిచ్చు మిఠాయిలో విషముండునను పుకారు అచ్చట ఏటేట లేచును. 1974లో టెక్సాసులో ఒక బాలుఁడు విషముకలిసిన మిఠాయి తిని మరణించిన మాట నిజము. కాని విషము పెట్టినవాఁడు పరాయివాఁడు గాఁడు, కన్నతండ్రియే యని న్యాయస్థానమున ఋజువయ్యెను. జోయెల్ బెస్ట్ అను సమాజశాస్త్రజ్ఞుఁడు 1958 మొదలైన వార్తలను పరిశీలించి, పరాయివాఁ డిచ్చిన మిఠాయిచేత శిశువు మరణించిన యుదంతము ఒక్కటియు ఋజువు కాలేదని వ్రాసెను. నిజమైన ప్రమాదము వీధిలోనున్నది. 1975 మొదలు 2016 వఱకుఁ గల లెక్కలను బట్టి చూడఁగా, వాహనములు తగిలి పాదచారులు మరణించు ప్రమాదము ఇతర సాయంకాలములకంటె హాలోవీన్ సాయంకాలమున నూటికి 43 వంతులు అధికము. దయ్యమునకు వెఱచి మోటారుబండిని మఱచుట వివేకము గాదు.

కనుక తాత, అవ్వ చేయఁదగిన పనులు నాకుఁ గొన్ని తోఁచుచున్నవి. మీరు ఆ సమయమున అచ్చట నున్నచో, గుమ్మడికాయను మనుమనితోఁ గూడ తొలువుఁడు. కత్తి మీచేతిలో నుండవలెను. బొమ్మ గీయుట, గింజలు తీయుట వానిది. ఆ గింజలను కడిగి, ఉప్పు కలిపి వేయించినచో మంచి చిఱుతిండి. పసివానికి రక్తపుమరకల వేషము వలదు. వానికి నచ్చిన జంతువో, పక్షియో, పురాణవీరుఁడో చాలును. ముసుగు కన్నులకు అడ్డుపడరాదు. వీధిలోనికిఁ బోవునపుడు తెల్లని వస్త్రము తొడిగి, చేతికి దీపమిచ్చి, వెంట మీరే నడువుఁడు. వేరుసెనగ మొదలగునవి పడని బిడ్డలు అచ్చట గలరు. అట్టివారికై తినుబండారములు గాక ఆటవస్తువు లిచ్చు ఇండ్లవారు నీలిపచ్చ రంగు పూసిన గుమ్మడికాయ నుంచుదురు. ఆ పద్ధతి 2014 నుండి దేశమంతట వ్యాపించినది.

ఇల్లు చేరినపిదప మిఠాయిలను లెక్కించి, కొన్ని మాత్రమే యిచ్చి, తక్కినవి దాఁచి, ఒక కథ చెప్పుఁడు. దయ్యము ఓడి, తెలివిగల పిల్లవాఁడు గెలుచు కథ మన భేతాళకథలలోను, మఱ్ఱిచెట్టు కథలలోను కొల్లలుగాఁ గలదు. ఆ రాత్రి మన పితరుల పేర్లను రెండు తరములవఱకైనను బిడ్డచేత చెప్పించినచో ఆ పండుగ మూలభావమునకును మీరు సమీపించినవారగుదురు. ఇష్టము లేనివారు ఆచరింపనవసరము లేదు. అమెరికాలోఁ గ్రైస్తవులలోనే దీనిని మానినవారు కలరు. మానినను బిడ్డ ప్రశ్నకు కోపముతోఁ గాక ఈ చరిత్రముతో బదులు చెప్పుఁడు.

మేలా, కీడా యని గదా ప్రశ్న. పెద్దలు తలుపులు మూసికొన్న కాలమున ఈ రాత్రి అల్లరిమూకలదయ్యెను. వాకిలి తెఱచి పిల్లలతోఁ గూడ వీధిలోనికి వచ్చిననాఁడు పిల్లల పండుగ యయ్యెను. కనుక దూరమునుండి మనుమని వేషము కనఁబడినపుడు, "ఇదేమి పాడు వేషము" అనుటకు ముందు, "నీ వెంట నెవరు నడిచిరి?" అని యడుగుఁడు. దానికి బిడ్డ యిచ్చు బదులును బట్టియే మేలుకీడులు తెలియును.