కాళ్ల పొడుగు శస్త్రచికిత్స

కాళ్ల పొడుగు శస్త్రచికిత్స అంటే తొడ ఎముకనో, మోకాలి కింది ఎముకనో కోసి, రెండు ముక్కలను రోజుకు కొంచెం ఎడం చేస్తూ, ఆ సందులో కొత్త ఎముక పుట్టేలా చేసే చికిత్స. ప్రమాదంలో ఎముక ముక్క పోయినవారి కోసం, పుట్టుకతోనో పోలియో వల్లనో ఒక కాలు పొట్టిగా మిగిలినవారి కోసం ఇది మొదలైంది. ఏ లోపమూ లేని రెండు కాళ్లను కేవలం ఎత్తు కోసం పొడిగించడం తర్వాత వచ్చిన వాడుక. పత్రికల్లో ‘హైట్ సర్జరీ’గా కనబడేది ఈ రెండోదే.

మన దగ్గర ఇది జనం నోళ్లలో పడింది 2016 ఏప్రిల్‌లో. ఇరవైల్లో ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఇంట్లో మాటమాత్రం చెప్పకుండా హైదరాబాద్‌లోని ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో చేరి, మూడు అంగుళాలు పెరగాలని ఆపరేషన్ చేయించుకున్నాడు. అప్పటికే అతని ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలని పత్రికలు రాశాయి. కొడుకు కనబడడం లేదని పోలీసుల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు అతను ఆసుపత్రి మంచం మీద కనిపించాడు. వాళ్లు ఆసుపత్రి ముందు నిరసనకు దిగారు, టీవీల్లో చర్చలు సాగాయి, వ్యవహారం తెలంగాణ వైద్య మండలి విచారణ దాకా వెళ్లింది. పద్దెనిమిదేళ్లు నిండినవారి సంతకం చట్టానికి సరిపోతుంది. కానీ నెలల తరబడి మంచం మీద ఉండబోయే మనిషికి అన్నం పెట్టేదెవరు, స్నానానికి ఎత్తి కూర్చోబెట్టేదెవరు అన్నది సంతకంతో తేలే సంగతి కాదు. ఈ ఆపరేషన్‌ను ఇంట్లో దాచాలనుకోవడమే తెలివితక్కువ ఆలోచన.

పద్ధతి ఎక్కడిది

1905లోనే ఇటలీలో బొలోన్యా నగరపు వైద్యుడు అలెస్సాండ్రో కొడివిల్లా ఎముకను కోసి లాగి పొడిగించిన అనుభవాలు ప్రచురించాడు. ఒక్కసారిగా బలంగా లాగే ఆ తొలి పద్ధతుల్లో నరాలు, రక్తనాళాలు దెబ్బతినేవి. దారి చూపింది సైబీరియాలోని కుర్గాన్ పట్టణంలో పనిచేసిన గవ్రీల్ ఇలిజారోవ్. 1950ల తొలినాళ్లలో ఆయన కాలి చుట్టూ ఉక్కు రింగులు అమర్చి, సన్నని తీగలను ఎముక గుండా దూర్చి, మరలు తిప్పి నిదానంగా ఎడం చేసే సాధనం తయారుచేశాడు. తొందరపడకపోతే ఎముకే కాదు, దాని చుట్టూ ఉన్న కండ, చర్మం, నరం కూడా కొంత మేరకు పెరుగుతాయని గమనించాడు. హైజంప్‌లో 1964 ఒలింపిక్ విజేత వాలెరీ బ్రుమెల్ మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు నుజ్జయి, ఎన్నో ఆపరేషన్లు విఫలమయ్యాక ఇలిజారోవ్ చేతిలో బాగుపడ్డాడు. ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరీ కూడా అలాగే కోలుకున్నాక, 1981లో ఇలిజారోవ్ ఇటలీకి వెళ్లి తన పద్ధతి వివరించాడు. పశ్చిమ దేశాలకు అది పాకింది ఆ తర్వాతే.

కరీంనగర్ వైపు ‘బొక్కల డాక్టర్’ దగ్గర స్టీలు రింగులతో కూర్చున్న రోగిని చూసినవారికి ఈ సాధనం కొత్తది కాదు. చితికిపోయిన, చీము పట్టిన విరుగుళ్లకు ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు.

లెక్క

కోసిన తర్వాత ఐదు నుంచి ఏడు రోజులు ఎముకను కదపరు. ఆపైన రోజుకు ఒక మిల్లీమీటరు, అదీ పావు మిల్లీమీటరు చొప్పున నాలుగు విడతలుగా ఎడం చేస్తారు. వేగం పెంచితే సందులో ఎముక పుట్టదు, నరం తిమ్మిరెక్కుతుంది. మరీ తగ్గిస్తే అనుకున్న పొడుగు రాకముందే ఎముక అతుక్కుపోతుంది. ఈ లెక్కన ఐదు సెంటీమీటర్లకు యాభై రోజులు. అసలు కాలం ఆ తర్వాత మొదలవుతుంది. పుట్టింది మెత్తని ఎముక, అది గట్టిపడి ఒంటి బరువు మోయడానికి అంతకు రెట్టింపో, ఇంకా ఎక్కువో పడుతుంది. మొత్తం మీద సెంటీమీటరుకు నెల నుంచి నెలన్నర అని వైద్యులు చెబుతారు. పరుగు, గెంతు వంటివాటికి ఏడాది ఆగాల్సి రావచ్చు.

రింగులు వద్దనుకునేవారికి ఎముక లోపల ఇమిడే రాడ్లు వచ్చాయి. అయస్కాంతంతో బయటి నుంచి పొడిగించే ‘ప్రిసైస్’ రాడ్‌కు 2011లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఎక్కువ బరువు మోస్తుందని తెచ్చిన ‘స్ట్రైడ్’ రాడ్‌ను తుప్పు సమస్య బయటపడి 2021లో వెనక్కి తీసుకున్నారు. రాడ్ ఏదైనా, ఎముక గట్టిపడ్డాక దాన్ని తీయడానికి మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిందే.

ఏవి తిరగబడతాయి

ఎముక చెప్పినట్టు వింటుంది గానీ కండరం వినదు. మోకాలి కింద పొడిగించినప్పుడు పిక్క కండరం బిగుసుకుపోయి మడమ నేలకు ఆనదు, మనిషి మునివేళ్ల మీద నిలబడిపోతాడు. తొడలో పొడిగిస్తే మోకాలు పూర్తిగా మడవడం కష్టం. రోజూ గంటల తరబడి ఫిజియోథెరపీ లేకపోతే ఇవి శాశ్వతం కావచ్చు. సకిలం ముకిలం వేసుకుని కూర్చుని తినే ఇంట్లో, నమాజుకు మోకరిల్లే ఇంట్లో, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. సిరిసిల్లలో పూటంతా నిలబడి మరమగ్గాలు నడిపేవారికి కాళ్లే కూలి.

తీగలు దూర్చిన చోట చీము పట్టడం, ఎముక వంకరగా అతకడం, అసలు అతకకపోవడం, పాదం పైకి లేపే నరం చచ్చుబడడం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం మిగతావి. ఎముక మూలుగలోని కొవ్వు రక్తంలో చేరి ఊపిరితిత్తులను అడ్డుకోవడం అరుదు, కానీ ప్రాణాంతకం. చేతులు మాత్రం పాత కొలతలోనే ఉంటాయి. చైనా 2006లో అందం కోసం కాళ్లు పొడిగించడాన్ని నిషేధించింది.

దూరం మరో ఇబ్బంది. జగిత్యాల నుంచి హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. పొడిగించే నెలల్లో వారానికో, పది రోజులకో ఎక్స్‌రే తీసి చూడాలి. కోరుట్లవారైనా సిరిసిల్లవారైనా ఆపరేషన్ చేసిన వైద్యుడు హైదరాబాద్‌లో ఉంటే ఆ కాలమంతా అక్కడే గది తీసుకోక తప్పదు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఆరోగ్య బీమా అందం కోసం చేసే చికిత్సలకు డబ్బివ్వదు.

ఉద్యోగాల కొలతలు

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లో ఎత్తు బెంగ పెళ్లి చూపులతో ఆగదు. తెలంగాణ కానిస్టేబుల్, ఎస్సై ఉద్యోగాలకు మగవారు 167.6, ఆడవారు 152.5 సెంటీమీటర్లు ఉండాలి. ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులకు కొంత సడలింపు ఉంది. ఒక్క సెంటీమీటరు తక్కువై ఇంటికి వచ్చినవారు ప్రతి ఊళ్లో దొరుకుతారు. 2022 డిసెంబరులో మహబూబ్‌నగర్‌లో ఒక అభ్యర్థిని జుట్టు కింద మైనం ముద్ద పెట్టుకుని కొలతకు నిలబడి పట్టుబడింది. ఆపరేషన్ ఆలోచన కూడా ఈ బెంగలోంచే పుడుతుంది. అయితే ఎత్తు కొలతతో పని అయిపోదు, ఈవెంట్స్ అనే దేహదారుఢ్య పరీక్షలు ఉంటాయి. మగవారు 1600 మీటర్లు ఏడు నిమిషాల పదిహేను సెకన్లలో పరుగెత్తాలి, నాలుగు మీటర్లు దూకాలి. పొడిగించిన కాళ్లతో అది చేయగలిగే నాటికి నోటిఫికేషన్ వెళ్లిపోతుంది, కొందరికి వయసు కూడా దాటుతుంది. కాలిలో రాడ్ ఉన్నవారిని సైన్యం వైద్య పరీక్షలోనే తిప్పి పంపుతుంది.

ఒక కాలు పొట్టి అయితే

తేడా రెండు సెంటీమీటర్ల లోపు ఉంటే చెప్పు అడుగున మందం వేయిస్తే చాలు. ఎదిగే పిల్లల్లో పొడవు కాలి ఎదుగుదలను మోకాలి దగ్గర ఆపి సరిచేసే పద్ధతీ ఉంది. వీటితో సరికాని తేడాకే పొడిగింపు. భారత్‌లో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది, కానీ ఆ జబ్బు మిగిల్చిన కాళ్లతో నడుస్తున్న నడివయసువారు మన మధ్య ఉన్నారు. వారి కాలిని పొడిగించేటప్పుడు రెండో కాలితో పూర్తిగా సమానం చేయరు. బలం లేని పాదం అడుగు వేసేటప్పుడు నేలకు తగలకుండా ఓ సెంటీమీటరు పొట్టిగానే ఉంచుతారు.