ఇస్లామీయ చరిత్ర పరిశోధన - తెలుగునేల

పోచారము వంటి గ్రామమున పాత దస్తరము విప్పి చూచినవారికి ఒక విషయము వెంటనే స్ఫురించును. జమాబందీ, వసూలు, రసీదు, నకలు, దాఖలా, ఫైసలా, కౌలు - ఇవన్నియు అరబ్బీ, పారసీక భాషలలో పుట్టి, దక్కను దారిని నడచి, తెలుగువాని నాలుకపై స్థిరపడిన పదములు. ఖరీఫు, రబీ అను పంటల పేర్లును అట్టివే. అంతయేల? పొలము దున్నువానికి గల ‘రైతు’ అను పేరే అరబ్బీ మాటనుండి వచ్చినది. కావున ఇస్లామీయ చరిత్ర అనగా ఎక్కడనో ఎడారులలో జరిగిన కథ యనియు, పల్లెటూరివారికి దానితో పనిలేదనియు తలచుట పొరపాటు. ఆ చరిత్రలో ఒక పుట ప్రతి గ్రామపు లెక్కల కట్టలోను ఉన్నది. దానిని చదువ నేర్చినవారే తక్కువ.

ఇందుకు ఫసలీ సంవత్సరమే మంచి నిదర్శనము. హిజ్రీ సంవత్సరము చంద్రుని గతి ననుసరించునది. దానికి సుమారు 354 దినములు. సూర్యుని ననుసరించు సంవత్సరముకంటె అది దాదాపు 11 దినములు తక్కువ. పంట మాత్రము సూర్యుని ననుసరించియే పండును. 32 సౌరవత్సరములు గడచునప్పటికి చాంద్రమానమున సుమారు 33 వత్సరములు గడచును. చాంద్రమానము చొప్పున శిస్తు వసూలు చేసినచో రైతు 32 పంటలు పండించి 33 శిస్తులు చెల్లింపవలసి వచ్చును. ఈ చిక్కును తీర్చుటకై అక్బరు పాదుషా కాలమున పంటల ననుసరించు ఫసలీ లెక్క ఏర్పడెను. షాజహాను కాలమున, అనగా క్రీ. శ. 1636లో, ఆ లెక్క దక్కనుకు వచ్చెను. అది హిజ్రీ 1046వ సంవత్సరము. ఆ యంకెనే తీసికొని అటుపై సౌరమానమున లెక్కింప నారంభించిరి. 1636 నుండి 1046 తీసివేయగా 590 మిగులును. దక్కను ఫసలీకి 590 కలిపినచో క్రీస్తు శకము వచ్చునని పాత కరణములు నోటిలెక్కగా చెప్పుచుండుటకు మూలమిదియే. మక్కా నుండి మదీనాకు జరిగిన ఒక వలస తేదీ, ఆగ్రా దర్బారు మీదుగా, తెలంగాణ రైతు రసీదుపైకి ఎట్లు చేరెనో ఈ చిన్న లెక్క తెలుపుచున్నది.

మఱియొక నిదర్శనము పీర్ల పండుగ. క్రీ. శ. 680లో, ముహర్రము నెల పదవనాడు, కర్బలా మైదానమున ప్రవక్త మనుమడైన హుసేను వీరమరణము నొందెను. ఆ దుఃఖస్మృతి ఇరాకు, ఇరాను దేశములనుండి దక్కను సుల్తానుల నగరములకును, అచ్చటినుండి గ్రామములకును వ్యాపించినది. గ్రామమునకు వచ్చునప్పటికి హసను, హుసేనులు ఆశన్న, ఊషన్నలైరి. పీర్ల నెత్తుకొనువారిలోను, నిప్పులగుండము చుట్టు ఆడువారిలోను, మలీద పంచుకొని తినువారిలోను అన్ని కులములవారు కలరు. ఇది శాస్త్రసమ్మతమగు ఇస్లామా, కాదా యని మతపండితులు వాదించుకొందురు. పరిశోధకుని ప్రశ్న వేరు. ఈ ఆచారము ఎచ్చట పుట్టెను, ఏ దారిని వచ్చెను, ఏ మార్పులు పొందెను, దీనివలన జనులకు ఏమి కలిగినది - ఇదియే అతడు తెలిసికొన గోరును. తీర్పు చెప్పుట అతని పని కాదు. ఉన్నదున్నట్లు గ్రహించుట అతని పని.

ఇట్టి పరిశోధనకు తెలుగువారి నడుమనున్న హైదరాబాదు నగరము ప్రపంచప్రసిద్ధమైన నిలయమైన సంగతి చాలమందికి తెలియదు. 1888లో అచ్చట దాయిరతుల్ మఆరిఫ్ అను సంస్థ వెలసెను. ఇమాదుల్ ముల్కు సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూము, మౌలానా అన్వారుల్లా ఖాను మొదలగువారు దానికి పూనుకొనిరి. ప్రాచీనములగు అరబ్బీ తాళపత్రతుల్యములైన వ్రాతప్రతులను సేకరించి, ఒకదానితో నొకటి సరిచూచి, తప్పులు దిద్ది అచ్చువేయుట దాని పని. కైరో, దమస్కసు, ఇస్తాంబూలు, లండను నగరముల పండితులు తమ పూర్వులు వ్రాసిన గ్రంథములను హైదరాబాదు అచ్చుప్రతులలో చదువుకొనిరి. మతగ్రంథములే కాక వైద్య, గణిత, ఖగోళ గ్రంథములును అందు వెలువడినవి. రాజీ అను మహావైద్యుని ‘అల్ హావీ’ అట్టివానిలో నొకటి. బిల్గ్రామీగారి పూనికతోనే 1891లో ఆసఫియా గ్రంథాలయమును స్థాపితమైనది. అదియే పిమ్మట రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమై అఫ్జల్‌గంజులో నిలిచినది.

ఆ సంస్థవారు 1958లో అచ్చువేసిన ఒక గ్రంథమును గూర్చి చదువరులు ప్రత్యేకముగా తెలిసికొనదగును. క్రీ. శ. 973లో మధ్య ఆసియాలోని ఖ్వారిజము దేశమున అల్ బీరూనీ అను పండితుడు జన్మించెను. గజనీ మహమూదు దండయాత్రల కాలమున అతడు ఈ దేశమునకు వచ్చెను. సుల్తాను కత్తితో వచ్చినచోటికి ఈ పండితుడు కలముతో వచ్చెను. సంస్కృతము నేర్చుకొనెను, పండితులను ఆశ్రయించెను, హిందువుల ధర్మము, జ్యోతిషము, కొలతలు, ఆచారములు తెలిసికొని, 1030 ప్రాంతమున అరబ్బీలో పెద్ద గ్రంథము వ్రాసెను. హిందువుల మాటను హిందువుల మాటగానే చెప్పవలెననియు, ఖండించుటకై వంకరగా చెప్పరాదనియు అతడు నియమము పెట్టుకొనెను. తన రాజు చేసిన ధ్వంసమువలన ఈ దేశమున కలిగిన నష్టమును గూడ అతడు దాచలేదు. తొమ్మిదివందల యేండ్లు గడచిన పిమ్మట ఆ గ్రంథము దక్కనులో అచ్చగుట మిక్కిలి ఉచితము. పరమతమును తెలిసికొనగోరువాడు ఎట్లుండవలెనో అతడు చూపిపోయెను.

ఆ దారినే నడచిన తెలుగువారును లేకపోలేదు. ఆంధ్రభాషాచరిత్రకారుడగు చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెనిగించిరి. 1930 నాటికి అది అచ్చులో తెలుగువారికి లభించెను. బ్రాహ్మణుడై జనించి, ముసల్మానుల ధర్మగ్రంథమును తెలుగుచేయుటకు ఎంత ఓపిక, ఎంత ఔదార్యము కావలెనో ఊహింపవచ్చును. అదే 1930లో, హైదరాబాదులో కొలువున్న మార్మడ్యూక్ పిక్తాల్ అను ఆంగ్లేయుడు ఖురానునకు చేసిన ఆంగ్లానువాదమును వెలువడెను. ఇస్లామును స్వీకరించిన ఈ పండితుడే 1927లో ఆరంభమైన ‘ఇస్లామిక్ కల్చర్’ అను త్రైమాసపత్రికకు తొలి సంపాదకుడు. 1908లో హైదరాబాదున జన్మించిన ముహమ్మదు హమీదుల్లా ఉస్మానియాలో చదివి, జర్మనీలోను ఫ్రాన్సులోను పట్టములు పొంది, 1948 తరువాత పారిసులో నివసించి, 1959లో ఖురాను ఫ్రెంచి అనువాదమును ప్రకటించెను. ఒకే గ్రంథము తెలుగు, ఆంగ్లము, ఫ్రెంచి భాషలలోనికి వచ్చుటలో తెలుగువారి నొక్కరిని, హైదరాబాదుతో సంబంధము గలవారి నిద్దరిని చూచుచున్నాము.

ఇక గోలకొండ చరిత్ర సంగతి. కుతుబ్‌షాహీలను గూర్చి పారసీక చరిత్రలు కలవు. అవి యుద్ధములను, కోటలను, దర్బారులను వర్ణించును. వానిని మాత్రమే చదివినవారికి ఆ సుల్తానులు పారసీకులుగానే కనబడుదురు. తెలుగు కావ్యముల పీఠికలు తెరచినచో వేరొక ముఖము కానవచ్చును. ఇబ్రాహీము కుతుబ్‌షా రాజ్యమునకు రాకముందు సుమారు ఏడేండ్లు విజయనగరమున అళియ రామరాయల నీడను గడపెను. 1550 నుండి 1580 వరకు గోలకొండ నేలెను. తెలుగు కవులకు అతడు మల్కిభరాముడు. అద్దంకి గంగాధరకవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను అతనికే అంకితమిచ్చెను. పటాన్‌చెరువున నున్న అమీనుఖానుడు అతని యధికారి. పొన్నెగంటి తెలగనార్యుడు సంస్కృతపదముల పొత్తులేని అచ్చతెలుగులో ‘యయాతి చరిత్రము’ రచించి ఆ ఖానునకు కృతి యిచ్చెను. తొలి అచ్చతెలుగు కావ్యమునకు కృతిపతి ముసల్మాను! ‘వైజయంతీ విలాసము’ చెప్పిన సారంగు తమ్మయ గోలకొండ కరణము. పగలు సర్కారు లెక్కలు వ్రాసిన చేతితోనే అతడు విప్రనారాయణుని కథను పద్యములలో వ్రాసెను.

ఇట్టి చరిత్ర వ్రాయువానికి పారసీకము ఒక కన్ను, తెలుగు మఱియొక కన్ను. శాసనములు చేతిలో దీపము. ఏ యొక్కటి లేకున్నను త్రోవ తప్పును. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చరిత్రాచార్యులైన హారూన్‌ఖాన్ షేర్వాణీగారు 1953లో బహమనీలను గూర్చియు, 1974లో కుతుబ్‌షాహీ వంశమును గూర్చియు ఉద్గ్రంథములు ప్రకటించిరి. అంతకుముందే 1949లో సురవరము ప్రతాపరెడ్డిగారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను వ్రాసి, రాజులను ప్రక్కకు నెట్టి, జనుల తిండి, బట్ట, ఆట, మాట అను వానిలో ఇరుజాతుల కలయికను పరిశీలించిరి. 1955లో తెలుగున తొలి సాహిత్య అకాడమీ బహుమానము ఆ గ్రంథమునకే లభించెను. అటుపై అమెరికాలోని పండితులును ఈ నేలపై దృష్టి సారించిరి. రిచర్డ్ ఈటన్ 1978లో విజాపురపు సూఫీలను గూర్చి గ్రంథము ప్రకటించెను. విజయనగరపు రాజులు సుల్తానుల వేషభాషలను ఎట్లు గ్రహించిరో ఫిలిప్ వాగనర్ చూపెను. తెలుగువాడే యగు అఫ్సర్ మహమ్మదు అనంతపురము మండలములోని గూగూడు పీర్ల పండుగను పరిశీలించి 2013లో ఆంగ్లమున గ్రంథము వెలువరించెను. గ్రామములో పిల్లలాటగా తోచిన ఆశన్న ఊషన్నల కథ విశ్వవిద్యాలయముల పఠనవిషయమైనది.

ఇంతమాత్రమున చరిత్రయంతయు తేనెయని చెప్పుటయు సత్యము కాదు. 1323లో ఓరుగల్లు కూలినది. 1565లో విజయనగరము పాడుపడినది. ఆ రెండవ యుద్ధమున రామరాయలపై కత్తియెత్తిన కూటమిలో, ఒకప్పుడతని యుప్పు తినిన ఇబ్రాహీమును ఉండెను. దేవాలయములు కూలిన చోట్లు కలవు; మాన్యములు పొందిన చోట్లును కలవు. దగ్గరి కాలమున 1947-48లో రజాకారులు తెలంగాణ గ్రామములపై చేసిన దౌర్జన్యములు పెద్దల నోట విన్నవే. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత కొన్ని ప్రాంతములలో నిరపరాధులైన ముసల్మానులు హతులైరి. విచారణకై వచ్చిన పండిత సుందరలాలు సంఘపు నివేదిక బహుకాలము ప్రజల కంటబడలేదు. ఒకరి గాయమును మాత్రమే చెప్పి రెండవవారిది దాచువాడు చరిత్రకారుడు కాడు, వకీలు. ఇరువురి గాయములను లెక్కకు తెచ్చినప్పుడే జమాఖర్చు సరిపోవును. తప్పులెక్క ఎంత అందముగా వ్రాసినను ఏనాటికైనను బయటపడక మానదు. ఈలోగా దానిని నమ్మి ఇరుగుపొరుగువారు శత్రువులగుదురు.

ఇప్పుడు కర్తవ్యమేమి? హైదరాబాదు రాజ్యమున 1884 ప్రాంతమున పారసీకము స్థానమున ఉర్దూ పాలనాభాష యయ్యెను. కావున అటుపై అరువదియేండ్లకు మించిన గ్రామచరిత్ర ఉర్దూ లిపిలో నున్నది. పోచారము చెఱువుకట్ట 1916 నుండి 1922 వరకు కట్టబడినది ఆ కాలమందే. మంజీరపై నిజాంసాగరము 1931 నాటికి పూర్తియైనదియు ఆ కాలమందే. ఎవరి పొలము మునిగెను, ఎవరికి నీరు వచ్చెను, మసీదుకు గాని గుడికి గాని ఏ యీనాము ఉండెను - ఇట్టి సంగతులు తెలుపు కాగితములు ఎన్నో ఇండ్లలో దూలములపై మూటగట్టియున్నవి. తాతలు చదివిరి, మనుమలకు ఆ లిపి రాదు. చెదలకు మాత్రము ఏ లిపియైనను ఒక్కటే. ఆ కాగితములు పోయిన పిదప వాని స్థానమున వదంతులు కూర్చుండును. వదంతికి సాక్ష్యము అక్కరలేదు గనుక దానిని త్రోసిపుచ్చుట కష్టము.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు ఇంతకంటె తగిన వ్రతము వేరొకటి లేదు. ఊరిలో ఉర్దూ చదువగల పెద్దలు జీవించియుండగనే పాత కాగితములను వారిచే చదివించి, తెలుగులో సారాంశము వ్రాయించి, తేదీ వేసి, ఒక పెట్టెలో భద్రపరుపవలయును. పని చిన్నది. దానికి ధనముకంటె ఓపిక, ఓపికకంటె పరస్పరవిశ్వాసము ముఖ్యము. చదివెడు వృద్ధుడు ముసల్మాను కావచ్చును. వ్రాసెడు బాలుడు హిందువు కావచ్చును. వారిద్దరు ఒక దీపము క్రింద కూర్చుండి ఒకే కాగితముపై తలలు వంచిన ఆ గడియయే అల్ బీరూనీ కోరిన విద్య. పరిశోధన మహానగరములలోనే జరుగవలెనను నియమము లేదు. గ్రంథాలయమున ఒక బల్ల, రెండు పీటలు, నిజము తెలిసికొనవలెనను కోరిక ఉన్నచో పోచారముననైనను జరుగును.