తొమ్మిదో స్థానం వెనక ఓ పదిహేనేళ్ళ పిల్ల

2010 మహిళల హాకీ ప్రపంచకప్‌లో మనవాళ్ళు ఎన్నో స్థానంలో వచ్చారో ఎంతమందికి గుర్తుంది? పన్నెండు జట్లలో తొమ్మిది. దాంతో అందరం ఆ టోర్నీనే మర్చిపోయాం. ప్రాజెక్టు పోయిందని టీమ్ అందరికీ ఒకే రేటింగు పడేసే మేనేజర్లలాగ!

కానీ అర్జెంటీనాలోని రొసారియోలో జరిగిన ఆ టోర్నీలోనే 15 ఏళ్ళ రాణీ రాంపాల్ ఏడు గోల్స్ కొట్టి, ఉత్తమ యువ క్రీడాకారిణి అవార్డు తెచ్చుకుంది.

హర్యానాలోని షాహాబాద్ మార్కండా ఆమెది. తండ్రి బండి లాగేవాడు. ఇలాంటి కథ వినగానే "అదృష్టం" అనేస్తాం కదా, నేనొప్పుకోను. ఆ చిన్న ఊళ్ళో బల్దేవ్ సింగ్ అనే కోచ్ ఏళ్ళ తరబడి ఆడపిల్లలకి హాకీ నేర్పాడు. రాణికంటే ముందే జాతీయ జట్టుకి కెప్టెనైన సురీందర్ కౌర్‌దీ అదే ఊరు. అంటే అక్కడ ముందే ఓ దారి పడి ఉంది.

తర్వాత 2013లో జూనియర్ ప్రపంచకప్ కాంస్యం. మన అమ్మాయిలకి ఆ టోర్నీలో అదే మొదటి పతకం. 2016లో రియో, 36 ఏళ్ళ తర్వాత మహిళల జట్టుకి మళ్ళీ ఒలింపిక్స్.

ఇదంతా 2010 స్కోర్లలోనే కనబడింది. మనమే చివరి ర్యాంకు చూసి పేజీ మూసేశాం. ఇంతకీ, మన ఊళ్ళలో ఆడపిల్లలు ఆడుకునే గ్రౌండ్లు ఎన్నున్నాయంటారు?