పెన్ డ్రైవ్‌లో 4 జీబీ గోడ

పోయిన నెల మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, పెళ్లి వీడియో 6 జీబీ, పెన్ డ్రైవ్ 32 జీబీ, మొత్తం ఖాళీగా ఉంది. అయినా ఫైల్ మరీ పెద్దది, పట్టదు అంటోంది. దీనికి లెక్కలు రావా ఏంటి?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట అడిగాడు, దాంతో నవ్వు ఆగిపోయింది. అదేంటో చివర్లో చెప్తాను.

ముందు ఈ గోడ ఎవరు కట్టారో చూద్దాం.

1977లో మైక్రోసాఫ్ట్ ఇంకా అమెరికాలోని అల్బుకర్కీ ఊళ్లో ఉన్న చిన్న కంపెనీ. అక్కడ మార్క్ మెక్‌డొనాల్డ్ అనే ప్రోగ్రామర్ ఫ్లాపీ మీద ఫైళ్లు ఎక్కడున్నాయో రాసి ఉంచే ఒక పట్టిక తయారుచేశాడు. దాని పేరే ఫ్యాట్. పాతకాలం కరణం గారి చిట్టా లాంటిది అనుకోండి. ఫైల్‌ని ముక్కలు చేసి డిస్కులో దాస్తారు. ఈ ముక్క తర్వాత ఏ ముక్క అన్నది చిట్టాలో ఉంటుంది. సియాటిల్‌లో టిమ్ పాటర్సన్ తన 86-డాస్‌లో ఈ ఆలోచననే వాడుకున్నాడు. దాన్ని మైక్రోసాఫ్ట్ కొనేసింది, 1981లో ఐబీఎం పీసీతో పాటు అది లోకం మీదికొచ్చింది.

అసలు సంగతి ఇక్కడుంది. ఆ డాస్‌లో ఒక్కో ఫైల్ వివరాలకి 32 బైట్ల వరుస ఒకటి ఉంటుంది. అందులో పేరుకి 11 బైట్లు, ఫైల్ ఎంత పెద్దదో రాయడానికి 4 బైట్లు. ఆ 4 బైట్ల గడిలో పట్టే అతి పెద్ద సంఖ్య 4,29,49,67,295. అంటే ఒక్క బైటు తక్కువ 4 జీబీ. ఇప్పుడు మనకి చిరాకుగా ఉంది గానీ, అప్పటి ఐబీఎం ఫ్లాపీ 160 కేబీ. ఆ గడి నిండాలంటే 26 వేలకు పైగా ఫ్లాపీలు కావాలి. నన్నడిగితే అది పిసినారితనం కాదు, ధారాళమే.

1996లో విండోస్ 95 కొత్త విడతతో ఫ్యాట్32 వచ్చింది. పాత ఫ్యాట్16లో ఒక్కో డ్రైవ్ 2 జీబీ దాటేది కాదు, ఆ హద్దు చెరిపేశారు. చిట్టా పెద్దదైంది. ఫైల్ సైజు గడి మాత్రం ఆ 4 బైట్ల దగ్గరే ఉండిపోయింది.

2000లో పెన్ డ్రైవ్‌లు మార్కెట్లోకి వచ్చాయి. సింగపూర్‌కి చెందిన ట్రెక్ కంపెనీ 'థంబ్‌డ్రైవ్', ఇజ్రాయెల్ వాళ్లు తయారుచేస్తే ఐబీఎం అమ్మిన 8 ఎంబీ డ్రైవ్. అవును, 8 ఎంబీ, రెండు మూడు పాటలకి సరిపోతుంది. కంప్యూటర్, టీవీ, కారు స్టీరియో అన్నీ చదవగలిగేది ఫ్యాట్ కాబట్టి పెన్ డ్రైవ్‌లకి అదే స్థిరపడిపోయింది. మన ఊళ్లలో సెల్ షాపు ముందు 'పాటలు ఎక్కించబడును' అని బోర్డులు పెట్టిన రోజుల్లో ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. పాట 5 ఎంబీ కదా! హెచ్‌డీ వీడియో వచ్చాకే గోడ తగిలింది.

మందు లేదా అంటే ఉంది. 2006లోనే మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఫ్యాట్ తెచ్చింది, అందులో సైజు గడి 8 బైట్లు. కానీ వాడాలంటే లైసెన్సు కావాలి, అందుకే చాలా పరికరాలు దాని జోలికి పోలేదు. 2019లో దాని వివరాలు అందరికీ బయటపెట్టారు, ఆ ఏడాదే లినక్స్ కెర్నెల్‌లోకీ వచ్చింది. మా మేనల్లుడికి చెప్పింది కూడా ఇదే: డ్రైవ్‌లో ఏమైనా ఉంటే వేరే చోట దాచుకుని, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చెయ్యి, మీ టీవీ చదువుతుందో లేదో ముందు చూసుకో.

ఇక వాడు అడిగిన రెండో మాట. "అమ్మమ్మ మాట్లాడిన వీడియో కూడా వేసివ్వు మావయ్యా, పూర్తిది."

మాది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మా అమ్మ చేత చెప్పించి 2013లో రికార్డు చేశాను. ముప్పావు గంట. కెమెరాలో కార్డు ఫ్యాట్32. గోడ తగలగానే కెమెరా దానంతటదే ఫైల్ ముగించి రెండోది మొదలుపెడుతుంది. నాకు అప్పుడు తెలీదు. కార్డులో రెండు ఫైళ్లున్నాయి, పేరు చివర అంకె ఒక్కటే తేడా. రెండోది కాపీ అనుకున్నాను. మొదటిది దాచి, వారం తర్వాత కార్డు ఫార్మాట్ చేశాను. మరుసటి ఏడాది అమ్మ పోయింది.

ఉన్న వీడియో 24వ నిమిషంలో ఆగిపోతుంది. "నువ్వు చంకలో ఉన్నావు, అక్క చెయ్యి పట్టుకున్నాను, నీళ్లు గడప దాటాయి, అప్పుడూ..." అంతే. ఆ తర్వాత ఎలా బయటపడ్డామో నాకు తెలుసు, కెమెరా వెనక నేనే ఉన్నాను కదా. చెప్పమంటే చెప్పగలను. ఆమె గొంతు మాత్రం తేలేను.

అక్కకి ఇంతవరకూ ఈ సంగతి చెప్పలేదు. ఈ ఎపిసోడ్ ముందు తనకే పంపుతున్నాను.