ఖిదిర్‌పూర్ దాకా ట్రాము

మా ఖిదిర్‌పూర్ పేరు చెప్పగానే కలకత్తా వాళ్లకు గుర్తొచ్చేవి రేవు, గోదాములు, కంటైనర్ లారీలు, ఫ్యాన్సీ మార్కెట్లో దొరికే ఫారిన్ సరుకు. మైకేల్ మధుసూదన్ దత్తు చిన్నతనం కొంత ఇక్కడే గడిచిందని బెంగాలీ సాహిత్యం చదివినవాళ్లకు తెలుసు. 1943 డిసెంబరు 5న జపాన్ విమానాలు రేవు మీద బాంబులు వేసిన సంగతి మా పేటలో ముసలివాళ్లు చెబుతూ ఉండేవారు. ఇంకో సంగతి మాత్రం మా పేటవాళ్లలోనే చాలామందికి తెలియదు. కలకత్తాలో మొట్టమొదటి కరెంటు ట్రాము 1902 మార్చి 27న ఊరి నడుమనున్న ధర్మతల నుంచి బయలుదేరి వచ్చింది ఇక్కడికే. కాళీఘాట్‌కు కరెంటు ట్రాము వెళ్లింది ఆ తరువాత, జూన్‌లో.

ఆ లైనులో ఇప్పుడు ట్రాము లేదు. దాన్ని మళ్లీ తెప్పించాలని మా పేటలో కొందరం పట్టుబట్టి కూర్చున్నాం. అందుకే ఈ వ్యాసం.

కరెంటు రాకముందు కలకత్తాలో ట్రాములను గుర్రాలు లాగేవి. 1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుంచి ఆర్మీనియన్ ఘాట్ దాకా మొదలైన గుర్రపు ట్రాము ఎక్కేవాళ్లు లేక ఆ ఏడాది నవంబరులోనే ఆగిపోయింది. 1880లో మళ్లీ పట్టాలు వేశారు. ఈసారి లండన్‌లో రిజిస్టరైన కలకత్తా ట్రామ్‌వేస్ కంపెనీ చేతికొచ్చి, వ్యాపారం నిలదొక్కుకుంది. గుర్రాలు మాత్రం ఇక్కడి ఎండలకు నిలవలేదు. రెండేళ్ల తరువాత ఆవిరి ఇంజన్లతో నడిపి చూశారు. చివరికి 1900లో పట్టాల వెడల్పు మార్చి, కరెంటు తీగలు కట్టడం మొదలుపెట్టారు. ఆ పని ఫలితం మొదట అందుకున్నది మా పేటే.

ఖిదిర్‌పూర్ ట్రామే ఆసియాలో మొదటి కరెంటు ట్రాము అని కలకత్తాలో చాలామంది రాస్తారు, గర్వంగా చెప్పుకుంటారు కూడా. అది నిజం కాదు. మద్రాసులో 1895 నుంచే కరెంటు ట్రాములు నడిచాయి. జపాన్‌లోని క్యోటోలోనూ అదే ఏడాది వచ్చాయి. తెలుగువాళ్లు చదువులకూ కోర్టు పనులకూ పత్రికలకూ మద్రాసు వెళ్లిన కాలమంతా ఆ ట్రాములు ఎక్కి తిరిగారు. 1953 ఏప్రిల్‌లో అవి ఆగిపోయాయి. అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేనాటికి మద్రాసు వీధుల్లో ట్రాము చప్పుడు లేదు. కాన్పూరులో అప్పటికే పోయింది. తరువాత ఢిల్లీ, బొంబాయి వంతు వచ్చింది. చివరకు దేశం మొత్తానికి ట్రామున్న ఊరు కలకత్తా ఒక్కటే మిగిలింది. మా లైను గొప్పతనానికి ఇది చాలు, లేని బిరుదు తగిలించనక్కర్లేదు.

నాలాంటి తెలుగువాడు ఈ పేటవాడు ఎలా అయ్యాడంటే, రైల్వే పుణ్యమా అని. వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్ మీదుగా సాగిన బెంగాల్ నాగపూర్ రైల్వేకు ప్రధాన కార్యాలయం పక్కనే ఉన్న గార్డెన్ రీచ్. ఇప్పుడది ఆగ్నేయ రైల్వే ఆఫీసు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి గుమాస్తాలుగా, ఫిట్టర్లుగా, టైపిస్టులుగా వచ్చిన కుటుంబాలు ఇక్కడ తరాలపాటు ఉండిపోయాయి. మా నాన్నగారిదీ అదే ఆఫీసు. ఊరి మధ్య అద్దె గదుల్లో ఉండే బ్రహ్మచారులు పొద్దున్నే ట్రాములో ఖిదిర్‌పూర్ దిగి, అక్కడ బస్సు పట్టుకుని ఆఫీసుకు పోయేవారు. పండగ బట్టలకూ, పుస్తకాలకూ, మైదానంలో ఫుట్‌బాల్ ఆటకూ మేం ఎదురు దిక్కున ధర్మతల వెళ్లేవాళ్లం. మా అమ్మకు బెంగాలీ రాకపోయినా ట్రాములో ఒక్కతే న్యూమార్కెట్‌కు వెళ్లొచ్చేది. పట్టాల మీద బండి దారి తప్పదని ఆవిడ ధీమా.

డిపో వదిలి, వంతెన మీదుగా ఆదిగంగ దాటి, హేస్టింగ్స్ వచ్చేదాకా ఇరుకు వీధులు, తోపుడు బళ్లు, రిక్షాలు. ఆ తరువాత ఒక్కసారిగా మైదానం. ఒకవైపు రేసుకోర్సు, ఒకవైపు ఫోర్ట్ విలియం, మేస్తున్న గొర్రెలు, క్లబ్బుల డేరాలు, పెద్ద పెద్ద చెట్లు. ఇక్కడ పట్టాలు రోడ్డులో కలవవు, గడ్డి మధ్యన తమ దారిన తాము పోతాయి. డ్రైవరు హ్యాండిలు తిప్పి వేగం పెంచేవాడు ఇక్కడే. కాలితో గంట నొక్కడం మానేసేవాడు, అడ్డం వచ్చేవాళ్లుండరు కదా. ముందు పెట్టె ఫస్టు క్లాసు, ఫ్యాన్లుండేవి. వెనక పెట్టె సెకండు క్లాసు, కిటికీ గాలే గతి. మలుపులో ఒక్కోసారి నెత్తిమీది పొడుగాటి కర్ర తీగ నుంచి జారిపోయేది. ఫ్యాన్లు ఆగేవి, దీపాలు ఆరేవి, ట్రాము నిలబడిపోయేది. కండక్టరు టికెట్ల కట్ట జేబులో పెట్టుకుని కిందికి దిగి, వెనక వేలాడే తాడు పట్టి లాగి, తల పైకెత్తి చూస్తూ కర్ర కొసనున్న చక్రాన్ని తీగ కిందికి తెచ్చి వదిలేవాడు. నీలంగా ఒక మెరుపు మెరిసేది. మళ్లీ ఫ్యాన్లు తిరిగేవి. ఆ పని చేతకాని కండక్టరును నేను చూడలేదు.

ఆ సెకండు క్లాసు కోసం ఊరు ఎంత పట్టుదలగా నిలబడిందో 1953 చెబుతుంది. ఇంకా విలాయతీ కంపెనీ చేతిలోనే ఉన్న ట్రాముల్లో సెకండు క్లాసు టికెట్టు ఒక్క పైసా పెంచారు. జూలై నెలంతా ఊరు అట్టుడికింది. విద్యార్థులు, కార్మికులు వీధుల్లోకి వచ్చారు, ట్రాములు తగలబడ్డాయి, లాఠీలు విరిగాయి, చివరికి పెంపు ఆపక తప్పలేదు. ఒక్క పైసాకు ఇంత గొడవా అని ఇప్పటివాళ్లు ఆశ్చర్యపోతారు. రోజూ రెండుసార్లు ఎక్కే కూలీకి నెలాఖరున ఆ పైసా విలువ తెలిసేది.

1967లో ప్రభుత్వం ట్రాముల నిర్వహణ తీసుకుంది, 1976లో కంపెనీనే సొంతం చేసుకుంది. ఎనభైల్లో మానిక్‌తలాకూ జోకాకూ కొత్త లైన్లు కూడా వేశారు. ఆ తరువాత అంతా నానాటికి తీసికట్టే. ఫ్లైఓవరు కడుతున్నామని ఒక లైను, మెట్రో తవ్వుతున్నామని ఒక లైను, వంతెన బలహీనంగా ఉందని ఇంకో లైను. ఆపేటప్పుడు తాత్కాలికం అనేవారు. తిరిగొచ్చినవి తక్కువ.

మా లైను ట్రాము, అంటే 36వ నంబరు, 2020 దాకా నడిచింది. మార్చిలో లాక్‌డౌన్‌తో ఆగింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా మే 20న అంఫాన్ తుపాను వచ్చింది. మైదానంలో చెట్లు కూలి కరెంటు తీగల మీద పడ్డాయి. ఊళ్లో వేరే లైన్లు కొన్ని బాగుపడి తిరిగి నడిచాయి. మాది నడవలేదు.

మొదట్లో మేం ఎదురుచూశాం. ఆ తరువాత డిపో ఎదురుగా టీ కొట్టు దగ్గర మాటలు మొదలయ్యాయి. రిటైరైన ట్రాము డ్రైవరు ఒకాయన, బడి పంతులమ్మ ఒకావిడ, రేవులో పనిచేసి దిగిపోయిన ఇద్దరు ముగ్గురు, కాలేజీ పిల్లలు, నేను. ఉత్తరాలు రాశాం, సంతకాలు సేకరించాం. ఊరంతటి ట్రాముల కోసం 2016 నుంచి పోరాడుతున్న కలకత్తా ట్రామ్ యూజర్స్ అసోసియేషన్ ఉండడం మాకు కొండంత అండ. మెల్‌బోర్న్ ట్రాము కండక్టరు రోబెర్టో డి'ఆండ్రియా తొంభైల్లో మొదలుపెట్టిన ట్రామ్‌జాత్రా పండగ వల్ల రెండు ఊళ్ల ట్రాము ప్రేమికులకు స్నేహం కుదిరింది. కొందరు పౌరులు కోర్టుకెక్కితే, ట్రాములను ఎలా నిలబెట్టాలో చూడడానికి కమిటీ వేయాలని కలకత్తా హైకోర్టు 2023లో ఆదేశించింది.

పేటలో అందరూ మా వైపే ఉన్నారని చెప్పను. దుకాణాల ముందు సరుకు దించుకోవడానికి పట్టాలు అడ్డమని కొందరి బాధ. వానలో పట్టాల మీద బైకులు జారుతున్నాయని ఇంకొందరి బాధ, అది నిజమైన బాధే. మా డ్రైవరుగారు నేలకు వంగి చూపించేదాకా నాకు దాని కారణం తెలియలేదు. పట్టా అంచూ రోడ్డూ ఒకే ఎత్తులో ఉండాలి. కుంగిన చోట రాళ్లు తీసి మళ్లీ పరవకుండా వదిలేస్తే పట్టా పైకి తేలుతుంది, చక్రం దానికి తగిలి జారుతుంది. "ఇది పట్టా తప్పు కాదు దాదా, చూసుకోని వాళ్ల తప్పు," అన్నాడాయన. బాగుచేస్తే తీరే కష్టానికి లైనునే ఎత్తేయడం మందు కాదు.

2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం తన ఆలోచన బయటపెట్టింది. ట్రాములన్నీ ఆపేసి, ధర్మతల నుంచి మైదానం దాకా చిన్న ముక్క మాత్రం వారసత్వ షికారుగా ఉంచుతుందట. కలకత్తాలో రోడ్లకున్న చోటు ఆరు శాతమే, ట్రాముల వల్ల వాహనాలు ఆగిపోతున్నాయన్నది వాదన. చోటు తక్కువన్న మాట నిజం. అంత తక్కువ చోటున్న ఊళ్లో ఎక్కువమందిని ఒకేసారి మోసే బండిని ఉంచుకోవాలా, ఒక్కొక్కరు ఎక్కే కార్లకు ఆ చోటు ఇవ్వాలా అన్నది అసలు ప్రశ్న. పైగా ఈ వాదన మా లైనుకు వర్తించదు. మా దారి చాలావరకు మైదానం గడ్డిలోనే ఉంది. రోడ్డే లేని చోట ట్రాఫిక్‌కు అడ్డమెలా అవుతుంది?

ఉంచుతామంటున్న ఆ ముక్క మా లైను మొదటి భాగమే అని గమనించాలి. 1902లో ట్రాము బయలుదేరింది షికారుకు కాదు, రేవులో పనివాళ్లున్న పేటకు. తల ఉంచి మొండెం తీసేస్తే అది వారసత్వం కాదు. పట్టాలు ఇటు దాకా వేసినవే కాబట్టి తీగలు కట్టి, కుంగిన చోట్ల రాళ్లు సరిచేసి, వంతెనను ఇంజనీర్ల చేత పరీక్ష చేయించి ఖిదిర్‌పూర్ దాకా నడపమన్నదే మా కోరిక. మైదానం సైన్యం అధీనంలోది, అందులో ఏ పనికైనా వారి అనుమతి కావాలి. జోకా నుంచి ధర్మతలకు మెట్రో పనులు కూడా ఈ దారినే సాగుతున్నాయి. వాటి మధ్య పని తేలిక కాదని మాకు తెలుసు. మెట్రో వస్తే ట్రాము ఎందుకని అడిగేవాళ్లకు మాత్రం ఒకటే చెబుతాను. మెట్లు దిగలేని ముసలివాళ్లూ, రెండు స్టాపుల దూరం వెళ్లే పిల్లలూ రోడ్డు మీదే ఉంటారు.

చివరగా ఒక మనవి. గార్డెన్ రీచ్‌లో పనిచేసి పదవీ విరమణ తరువాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ ట్రంకు పెట్టెల్లో 36వ నంబరు నెలవారీ టికెట్లు, ఖిదిర్‌పూర్ డిపో దగ్గర తీయించుకున్న ఫోటోలు, ఆ రోజుల ఉత్తరాలు ఉండొచ్చు. పాత కాగితాలని పారేయకండి. ఈ లైను ఎక్కి బతికిన మనుషులున్నారని అధికారుల ముందు చూపించడానికి మాకవి కావాలి. పెద్దలుంటే కూర్చోబెట్టి అడిగి, చెప్పింది రాసిపెట్టండి. కలకత్తా వస్తే మైదానం షికారుతో సరిపెట్టుకోకండి. ఇది ఖిదిర్‌పూర్ దాకా ఎందుకు పోదని అక్కడున్నవాళ్లను అడగండి.